ఉపాధ్యాయులకు కంప్యూటరు శిక్షణము

మన బడులకు కంప్యూటర్లు వచ్చుచున్నవి. వానితో పాఠము చెప్పగల యుపాధ్యాయుడు సిద్ధమయ్యెనా యని యడుగువారు మాత్రము తక్కువ. యంత్రము కొనుటకు ధనము చాలును. బోధకుని సిద్ధపఱచుటకు ధనముతోపాటు కాలమును, ఓపికయు గావలెను. మన ప్రభుత్వములు మొదటిదానియందు జూపిన యుత్సాహమును రెండవదానియందు జూపలేదని మేము చెప్పక తప్పదు.

ఈ ప్రయత్నము నేటిది కాదు. 1984-85లోనే కేంద్ర ప్రభుత్వము 'క్లాస్' అను పథకమును బెట్టి, బి.బి.సి. మైక్రో యంత్రములను సుమారు 250 పాఠశాలలకు బంపెను. 2004లో మఱియొక పథకము వచ్చెను. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 5,000 ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు గదులు నెలకొల్పబడినవి. యంత్రములను దెచ్చుట, నడపుట, నేర్పువారిని నియమించుట యంతయు ప్రైవేటు కంపెనీలకు ఐదేండ్ల గుత్తకీయబడెను. 2013లో గడువు తీఱెను, కంపెనీలు వెడలిపోయినవి, వారు పెట్టిన బోధకులు జీవనోపాధిని గోల్పోయిరి. బడిలో స్థిరముగా నుండు లెక్కల పంతులుగాని, సైన్సు పంతులుగాని యా గదిని దన గదిగా జూచుకొనునట్లు తగిన శిక్షణము పొందియుండలేదు. గుత్తకు దెచ్చిన విద్య గుత్తతోనే పోయెను.

2019 ఆగష్టులో కేంద్ర ప్రభుత్వము 'నిష్ఠ' అను జాతీయ కార్యక్రమము నారంభించెను. ఎనిమిదవ తరగతివఱకు గల బడులలోని సుమారు 42 లక్షలమంది యుపాధ్యాయులకును, ప్రధానోపాధ్యాయులకును శిక్షణ మొసగుట దాని సంకల్పము. బోధనలో కంప్యూటరును వినియోగించుట యందొక భాగము. సంకల్పము దొడ్డది, స్థిరోపాధ్యాయునే పట్టుకొన్నది గనుక మేము దానిని మెచ్చుకొనుచున్నాము. కాని పద్ధతిని జూడుడు. జాతీయస్థాయి నిపుణులు రాష్ట్రమువారికి నేర్పవలెను. రాష్ట్రమువారు మండలములవారికి నేర్పవలెను. పై లాకులయొద్ద నిండుగ బాఱిన నీరు శివారు చేలకు జేరునప్పటికి ఎంత మిగులునో మన రైతు సోదరులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. పిమ్మట కరోనా వచ్చెను. 2020 అక్టోబరునుండి శిక్షణము 'దీక్ష' యను అంతర్జాల వేదికకు మాఱెను. ఉపాధ్యాయుడు ఫోనులో పాఠమును జూచి, ప్రశ్నలకు జవాబులిచ్చి, ధ్రువపత్రము బొందును. నాటి విపత్తులో నది యనివార్యమే. అయినను ఒడ్డున గూర్చుండి యీత నేర్చినవానిని నదిలోనికి దింపుటకు మేము సాహసింపము.

దిగుటకు నది యేది? 2023-24 ప్రభుత్వ గణాంకముల ప్రకారము దేశమునందలి బడులలో పనిచేయు కంప్యూటర్లు గలవి నూటికి 57; ఇంటర్నెట్టు గలవి 54. శిక్షణము ముగించుకొని యంత్రము లేని బడికి దిరిగివచ్చిన పంతులు నేర్చినదానిని ఆఱునెలలలో మఱచినచో తప్పెవరిది? హాజరును, మధ్యాహ్నభోజనపు లెక్కలను ఫోనులోని యాప్పులకెక్కించుచున్నాడు గదా యని కొందఱందురు. అది గుమాస్తా పని, బోధన కాదు.

కేరళమువారు వేఱొక త్రోవ ద్రొక్కిరి. 2001లో నారంభించిన 'ఐ.టి. ఎట్ స్కూల్' పథకమున నుపాధ్యాయులనే యెన్నుకొని, వారినే తక్కిన యుపాధ్యాయులకు గురువులుగ జేసిరి. ప్రతి పాఠశాలలో నొక యుపాధ్యాయునికి ఈ బాధ్యత నప్పగించిరి. వెల యీయనక్కఱలేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును బట్టుకొని, మలయాళమున బనిచేయుటకు వీలు గల్పించుకొనిరి. కంపెనీ వెడలిపోయినచో విద్య వెడలిపోవు దుస్థితి వారికి రాలేదు.

భాషనుగూర్చి యొక మాట. తెలుగు ప్రశ్నపత్రమును టైపుచేయించుటకు బజారులోని డి.టి.పి. దుకాణమునకు బోవు బడులు నేటికిని గలవు. ఉపాధ్యాయుడు తన భాషను దన వ్రేళ్లతో వ్రాయలేనినాడు ఆతని కొసగిన కంప్యూటరు శిక్షణము ఏపాటిది?

2020 జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయునికి ఏటేట 50 గంటల శిక్షణము గావలెనని చెప్పినది. ఆ గంటలలో గొన్నింటినైనను ఆతని బడిలోనే, ఆతని పిల్లలు వాడు యంత్రముమీదనే, పనివేళలలోనే గడపునట్లు రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు నిర్ణయింపవలెను. నేర్చిన యుపాధ్యాయు నొకనిని మండలమున కొకనిగ, ఏడాదిపాటు బడిబడికి దిరుగుటకు విడిచిపెట్టవలెను. ఆతని స్థానమున వేఱొకరిని నియమించుట కగు వ్యయమును యంత్రముల పద్దులో గలిపివేయక, బడ్జెటులో వేఱుగ జూపవలెను. గ్రామములందలి విద్యాభిమానులు బడి యాజమాన్య సంఘములలో ఈ ప్రశ్నను వచ్చు సమావేశముననే లేవనెత్తుదురుగాక.