చిన్న వయసైనా అడిగి తీరాల్సిన మాట

ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రుల్లో మొదటి కాన్పుకు పేరు రాయించుకునే అమ్మాయిల్లో చాలామందికి ఇరవై, ఇరవై రెండేళ్లకు మించి ఉండవు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందేమో చూసే పరీక్ష మాట వస్తే వీళ్లకు దొరికే జవాబు ఒకటే: "చిన్న వయసే కదమ్మా, నీకెందుకు అవన్నీ?" అత్త చెప్పినా నర్సమ్మ చెప్పినా అదే మాట. కొన్నిచోట్ల దీనికి పూర్తిగా ఎదురు. చీటీ మీద ‘డబుల్ మార్కర్’ అని రాసిస్తారు, ల్యాబులో రక్తం తీసుకుంటారు, రెండు మూడు వేలు కట్టించుకుంటారు. ఆ రక్తం దేనికి తీశారో ఆ అమ్మాయికి తెలియదు. ఒకచోట అడక్కుండా వదిలేయడం, మరోచోట అడక్కుండా చేసేయడం. కడుపు మోస్తున్న మనిషిని రెండుచోట్లా అడిగినవాళ్లు లేరు. నా అభ్యంతరమంతా అక్కడే.

మన శరీరంలో దాదాపు ప్రతి కణానికీ 46 క్రోమోజోములు. వాటిలో 21వ జత జతగా కాక మూడుగా వస్తే అదే డౌన్ సిండ్రోమ్. ఎక్కువసార్లు తల్లి అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు వల్ల ఇలా అవుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పొరపాటుకు అవకాశం పెరుగుతుంది. ఇరవై ఏళ్ల తల్లికి సుమారు 1,500 కాన్పుల్లో ఒకటి, ముప్పైకి 900లో ఒకటి, ముప్పై అయిదుకు 350లో ఒకటి, నలభైకి వందలో ఒకటి. ఈ లెక్క చూసి "చిన్న వయసే కదా" అనడం తప్పనలేం. కానీ కాన్పులు ఎక్కువయ్యేది చిన్న వయసులోనే. అందుకే డౌన్ సిండ్రోమ్ బిడ్డల్లో ఎక్కువమంది ముప్పై అయిదు దాటని తల్లులకే పుడతారు. పెళ్లిళ్లు తొందరగా అయ్యే మన కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, హొళగుంద వైపు, ఇది ఇంకా నిజం.

ఇక్కడ మేనరికం గురించి ఒక మాట చెప్పాలి. మన దగ్గర ఇలాంటి బిడ్డ పుడితే వేళ్లు ముందు అటే చూపిస్తాయి. అక్క కూతుర్ని చేసుకున్నందుకే ఇలా అయిందంటారు, లేదంటే గ్రహణం పూట బయట తిరిగిందంటారు. దగ్గరి సంబంధాల వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. పుట్టు చెవుడు, కొన్ని రక్తజబ్బుల వంటివాటికి ఆ భయం న్యాయమైనదే. డౌన్ సిండ్రోమ్‌కు మాత్రం మేనరికం కారణం కాదు. వందలో మూడు నాలుగు కేసుల్లో 21వ క్రోమోజోము వేరే దానికి అతుక్కుని ఉంటుంది, వాటిలోనూ కొన్ని మాత్రమే తల్లి నుంచో తండ్రి నుంచో వస్తాయి. అలాంటి కుటుంబానికి వయసుతో సంబంధం లేకుండా జన్యు సలహా అవసరం. మిగతావాళ్ల విషయంలో ఎవరి రక్తాన్నీ నిందించే పని లేదు. మేనరికం కాదు కాబట్టి మాకు భయం లేదనుకునే జంటకూ ఇదే జవాబు: దీనికీ మేనరికానికీ ముడి లేదు.

మరి 35 అనే గీత ఎక్కడిది? ఉమ్మనీరు తీసి పరీక్షించడం ఒక్కటే దారిగా ఉన్న రోజుల్లో, దానివల్ల గర్భం పోయే ప్రమాదమూ డౌన్ సిండ్రోమ్ బయటపడే అవకాశమూ ఆ వయసు దగ్గర ఇంచుమించు సమానమని అక్కడ గీశారు. మన 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టంలోనూ, గర్భస్థ పరీక్షలకు అనుమతించే కారణాల్లో ముప్పై అయిదు దాటిన వయసు ఒకటిగా ఉంది. తర్వాత తల్లి రక్తం, స్కానింగు కలిపి అంచనా కట్టే పద్ధతి వచ్చింది. 2007లోనే అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం ఈ స్క్రీనింగ్‌ను ఏ వయసు గర్భిణికైనా చెప్పాలంది. గీత పాతబడినా మన నోళ్లలో అలాగే నిలిచిపోయింది.

చెప్పాలి అంటున్నాను గానీ, చేయించుకోవాలి అనడం లేదు. ఎందుకో ఈ స్క్రీనింగ్ రిపోర్టు కాగితం చూస్తే అర్థమవుతుంది. తల్లి వయసు, బరువు, బిడ్డ పొడవు, మెడ వెనుక నీటి మందం మిల్లీమీటర్లలో, రెండు రక్తపదార్థాల కొలతలు. కింద ఒక గ్రాఫు. ముప్పై అయిదు దాకా బల్లపరుపుగా వచ్చి అక్కడి నుంచి ఎగబాకే గీత. ఇరవై రెండేళ్ల అమ్మాయి చుక్క ఎడమ చివర ఉంటుంది. దాని పక్కన ‘1:180, హై రిస్క్’ అని ఎర్ర అక్షరాలు. ఆ కాగితం చేతికొచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ కూడు సయించదు. 180 మందిలో 179 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉండదనే మాట వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇరవై ఏళ్ల వయసున్న 1,500 మందికి ఈ పరీక్ష చేశామనుకుందాం. వందకు ఇద్దరినే ‘హై రిస్క్’ అన్నా ముప్పైమందికి ఎర్ర అక్షరాలు వస్తాయి. వాళ్లలో నిజంగా డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ ఒకరు. ఒక్కోసారి ఆ ఒక్కరూ ముప్పైలో పడకుండా తప్పిపోవచ్చు, ఎందుకంటే ఈ పరీక్ష వందకు 85, 90 మందినే పట్టుకుంటుంది. తల్లి రక్తంలో తిరిగే బిడ్డ డీఎన్‌ఏను చూసే కొత్త పరీక్ష ఇంతకంటే ఎంతో మేలు, కానీ ఖర్చు పదివేలకు పైమాటే. అందులోనూ ఇరవైల్లో ఉన్న తల్లికి పాజిటివ్ వస్తే, అది నిజం కాకపోయే అవకాశం సగం దాకా ఉంటుంది. ఏదైనా ఖాయం చేసుకోవాలంటే ఉమ్మనీరో, మాయ ముక్కో తీయాల్సిందే. ఆ ఫలితం తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ నార్మల్ అన్నారు కాబట్టి డౌన్ సిండ్రోమ్ లేనట్టే అనుకోవడమూ పొరపాటే. ఆ స్కాన్ కళ్లకు పడని బిడ్డలు చాలామంది ఉంటారు.

వీటన్నిటికీ కాలం గట్టి షరతు పెడుతుంది. మెడ వెనుక నీరు కొలిచే స్కాన్ 11 వారాలు నిండాక, 14 నిండేలోపు. అది దాటితే 15 నుంచి 20 వారాల మధ్య నాలుగు పదార్థాల రక్తపరీక్ష, దాని చూపు ఇంకొంచెం మసక. ఇప్పుడు మన సుగ్గి, అంటే కూలి పనికి వలసపోయే కాలం, లెక్క చూడండి. దీపావళి ప్రాంతంలో ఆఖరిసారి బయట చేరిన అమ్మాయికి ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతర జరిగే జనవరిలో ఆ వారాలు మొదలవుతాయి. అప్పటికి ఆమె గుంటూరు వైపు మిరప చేలల్లో గుడిసెలో ఉంటుంది. ఉగాదికి ఊరు చేరేసరికి ఇరవై వారాలు దాటిపోతాయి. ఆమె వద్దనలేదు, కావాలనలేదు. అడిగే వేళకు ఆమె ఊళ్లోనే లేదు.

డెన్మార్క్ 2004లో వయసుతో నిమిత్తం లేకుండా గర్భిణులందరికీ ఈ స్క్రీనింగ్ చెప్పడం మొదలుపెట్టింది. జబ్బును నివారించడం కాక, తెలిసి నిర్ణయించుకోనివ్వడమే లక్ష్యమని అక్కడి మార్గదర్శకాలు రాసుకున్నాయి. అయినా డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. అంత చదువు, అంత భద్రత ఉన్న దేశంలోనే అడగడానికీ నెట్టడానికీ మధ్య గీత ఎంత సన్ననిదో ఇది చూపిస్తుంది. మన దగ్గర అత్తింటి మాట, ఖర్చు, ఊరి నోరు ఇంకా బరువు. అందుకే పరీక్ష గురించి చెప్పే నోరే బిడ్డ గురించీ చెప్పాలని నా పట్టు.

ఆ బిడ్డలు ఆలస్యంగా నడుస్తారు, ఆలస్యంగా మాట్లాడతారు, నేర్చుకోవడం నెమ్మది. దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది, చాలావాటికి ఆపరేషన్ ఉంది. థైరాయిడ్ చూస్తుండాలి. నవ్వుతారు, అలుగుతారు, బడికి పోతారు. మంచి వైద్యం ఉన్నచోట అరవై ఏళ్ల దాకా బతుకుతున్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించాల్సిన స్థితుల్లో డౌన్ సిండ్రోమ్ ఒకటి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. నలభై శాతం వైకల్యం సదరం సర్టిఫికెట్‌లో ఉంటే పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000. ఇవన్నీ చాలవు. ఫిజియోథెరపీకి ఆదోని నుంచి కర్నూలు దాకా వంద కిలోమీటర్లు బిడ్డను చంకనేసుకుని పోవాల్సిన తల్లికి అసలే చాలవు. ఉన్నవేమిటో, లేనివేమిటో రెండూ చెప్పాలి.

గర్భం వద్దనుకునే కుటుంబానికీ చట్టం తెలియాలి. 2021 సవరణ తర్వాత గర్భస్రావానికి 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. బిడ్డకు తీవ్ర లోపం ఉన్నప్పుడు 24 దాకా ఇద్దరు డాక్టర్లు, ఆ తర్వాత మెడికల్ బోర్డు. పద్దెనిమిది నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే కావాలి, భర్త సంతకం చట్టం అడగదు. డీఎన్‌ఏ, ఉమ్మనీటి పరీక్షల్లో ఆడా మగా బయటపడుతుంది గనుక దాన్ని చెప్పించుకోవాలని చూడటం నేరం.

ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులు ఆసుపత్రికి వస్తారు. బీపీ, రక్తం, మూత్రం, స్కాన్ చూస్తారు. అక్కడే పక్కన ఒక కుర్చీ వేసి, కన్నడమూ ఉర్దూ వచ్చిన ఒక నర్సును కూర్చోబెట్టి, పదిహేను నిమిషాలు ఆ అమ్మాయితో మాట్లాడించమని అడుగుతున్నాను. కావాలన్నవాళ్లకు మొదటి పరీక్ష ప్రభుత్వ ఖర్చుతో జరగాలి. ఆ పథకం ఎక్కువగా నాలుగో నెల నుంచి చూస్తుంది, ఈ మాట మాత్రం మూడో నెలలోనే నడవాలి. సుగ్గికి పోయే ఊళ్లలో జనం లారీ ఎక్కకముందే ఆశా కార్యకర్త కడుపుతో ఉన్నవాళ్ల పేర్లు రాసుకోవాలి, పోయేచోట ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెప్పి పంపాలి. ఆ అమ్మాయి చేయించుకుంటానన్నా, వద్దన్నా, ఆ జవాబు ఆమెదేనని తేదీ వేసి, తల్లీబిడ్డల వివరాలు రాసే ఎంసీపీ కార్డులో రాయాలి.