మా వయసుకు తేదీలు కావాలి



తెలంగాణ గ్రూప్-1 ర్యాంకుల జాబితాను 2025 సెప్టెంబరు 9న హైకోర్టు కొట్టేసింది. అదే నెల 24న డివిజన్ బెంచి ఆ తీర్పును నిలిపేసింది. ఎంపికైనవాళ్ళకూ, కానివాళ్ళకూ నిద్ర కరువైంది. ఆ సమయంలో హైదరాబాదు అశోక్‌నగర్‌కు వచ్చి పెద్దలు చెప్పిన మాట ఒకటే: మనోధైర్యం పెంచుకోండి!

ధైర్యం మాకు తక్కువా? ఇంటివాళ్ళు అప్పు తెచ్చి పంపిన పైసలతో ఇరుకు గదిలో నలుగురం ఉంటున్నాం. ఐదు రూపాయల భోజనానికి వరసలో నిలబడుతున్నాం. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ కోసం తెల్లారకముందే లేస్తున్నాం.

లెక్క చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్. అక్టోబరు 16న ప్రిలిమ్స్. పేపర్ లీకై 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్ళీ రాశాం. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషనే రద్దు. 563 పోస్టులతో కొత్తది. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. 2022లో పాతికేళ్ళున్నవాడికి 2025 నాటికి ఇరవై ఎనిమిది. పెళ్ళి ఆగింది, సంపాదన మొదలే కాలేదు.

ఫెయిలైతే తట్టుకుంటాం. ఏడ్చి, ఊరికి పోయి, ఇంకో పని చూసుకుంటాం. రద్దైన పరీక్షలో పాసూ లేదు, ఫెయిలూ లేదు. చదివిన చదువుకు జవాబే రాకపోతే ఆ ఏళ్ళకు అర్థం ఏమని చెప్పుకోవాలి? కుంగుబాటు మా మనసుల్లో పుట్టలేదు, సర్కారు ఆఫీసుల్లో తయారైంది.

నీళ్ళు, నిధులు, నియామకాలని తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా క్యాంపస్‌లో లాఠీదెబ్బలు తిన్నది విద్యార్థులే. రాష్ట్రం వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్‌కు 2022 దాకా ఆగాం. 2024 ఆగస్టులో అసెంబ్లీలో జాబ్ క్యాలెండర్ చదివారు. అందులోని నెలలు వచ్చి పోయాయి, చాలా నోటిఫికేషన్లు రాలేదు. యూపీఎస్సీ ఏటా ముందే తేదీలు ప్రకటిస్తుంది. ఇక్కడెందుకు కాదు?

కోర్టు కేసులు మా చేతుల్లో లేవంటారు. బయోమెట్రిక్ తీసుకోవడం ఎవరి చేతుల్లో ఉంది? ప్రైవేటు ఉద్యోగం చూసుకోమంటారు. చూసుకుంటాం, ఈ ఏడాది పరీక్ష లేదని ముందే చెప్పండి!

జాబ్ క్యాలెండర్‌ను చట్టం చెయ్యాలి. నోటిఫికేషన్ నుంచి నియామకపత్రం దాకా గడువులు అందులోనే రాయాలి. సర్కారు తప్పుతో పరీక్ష రద్దైతే పోయిన కాలమంతా వయోపరిమితికి కలపాలి, మళ్ళీ పరీక్ష పెట్టేదాకా అభ్యర్థికి నెలనెలా భృతి ఇవ్వాలి.

పదిమంది కలిసి మీ ఎమ్మెల్యే ఇంటికి వెళ్ళండి. అమ్మానాన్నలను వెంట తీసుకెళ్ళండి. ఈ చట్టానికి మద్దతిస్తారా, లేదా అని అడగండి. జవాబు కాగితం మీద రాయించి, సంతకం పెట్టించుకుని రండి.