పట్టుదల పిల్లలది, మైదానం బాధ్యత మీది

తెలంగాణ క్రీడా ప్రాధికార సంస్థ ఛైర్మన్ గారికి,



2025 ఆగస్టులో ఓవల్ టెస్టు నాలుగో రోజు భారత బౌలర్ మహ్మద్ సిరాజ్ ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ సెంచరీ కొట్టాడు. మర్నాడు అదే సిరాజ్ చివరి వికెట్ తీసి, 6 పరుగుల తేడాతో భారత్‌ను గెలిపించాడు. ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు పడగొట్టాడు. 2020లో ఆస్ట్రేలియా పర్యటనలో ఉండగా, ఆటో నడిపి పెంచిన తండ్రి చనిపోయినా జట్టుతోనే ఉండిపోయిన మనిషి అతను.

సిరాజ్ సొంత మైదానం మా ఉప్పల్ స్టేడియం. దాని చుట్టుపక్కల బస్తీల్లో, నాచారం పారిశ్రామికవాడలో కార్మికుల పిల్లలు బండ్ల మధ్య, గల్లీల్లో ఆడుకుంటున్నారు. వాళ్లకు పట్టుదల ఉంది. రోజూ సాధన చేసే చోటు లేకపోతే అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఉప్పల్, నాచారం ప్రభుత్వ పాఠశాలల మైదానాలను ఉదయం, సాయంత్రం పిల్లల కోసం తెరిపించండి. ఒక్కోచోట ఒక శిక్షకుణ్ని నియమించండి. ఆడపిల్లలకు ప్రత్యేక వేళలు కేటాయించండి.

అందరూ సిరాజ్‌లు కాకపోవచ్చు. ఓడిన మర్నాడు మళ్లీ సాధనకు రావడం అలవాటైన పిల్లలు చదువులోనూ బతుకులోనూ నిలబడతారు. వేసవి సెలవుల్లోపే ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఉప్పల్ నివాసి