పుక్కిటి పురాణమనుట తగునా?

నమ్మదగని మాట చెవిని బడినప్పుడు "అదంతయు పుక్కిటి పురాణము" అని త్రోసిపుచ్చుట మనవారి వాడుక. ఈ పలుకుబడి వలన పురాణమన్న మాటకు అబద్ధమను నర్థము స్థిరపడినది. పదునెనిమిది పురాణములను భక్తితో వినిన దేశమునందే ఆ పేరు నిందగా మారుట వింతయే. మన పాఠశాలవంటి చోట ఈ నింద మరింత సులభముగా పుట్టును. ఇచ్చట బోనమెత్తు నింటినుండి వచ్చిన బాలికయు, ఆదివారమున చర్చికి బోవు బాలుడును, రంజాను ఉపవాసమున్న బాలుడును ఒక్క బల్లపై కూర్చుందురు. ఒకరి యింటి కథ మరియొకరికి నవ్వులాటగా దోచును. ఆ నవ్వునకు గురియైన బిడ్డ యింటికి బోయి, "అమ్మా, మన కథ నిజముగా జరిగినదా?" యని యడుగును. తల్లికి ఉత్తరము తోచదు. ఆ ప్రశ్నకు న్యాయమైన యుత్తరమేదియో విచారించుటయే యీ వ్యాసోద్దేశము.

మన ప్రాంతమునుండియే యొక యుదాహరణము దీసికొందము. ఇబ్రహీంపట్నము మండలములోని కొంగరకలాన్ గ్రామమున 2022వ సంవత్సరము ఆగస్టు నెలలో రంగారెడ్డి జిల్లా కలెక్టరు కార్యాలయ భవనము ప్రారంభింపబడినది. భూమిని గూర్చి యట్టి కచేరీలలో పలుకబడు భాష యొకటి గలదు. సర్వే నంబరు, పట్టా, ఎకరము, గుంట, హద్దు అనునవి దాని మాటలు. 40 గుంటలు ఒక యెకరము. గుంటకు 121 చదరపు గజములు. ఈ లెక్కలో తప్పు దొరలినచో ఒక రైతు కుటుంబము వీధిని బడును. ఈ గ్రామము పేరులోనే కచేరీ భాష కొంత కలిసియున్నది. పారసీకమున కలాన్ అనగా పెద్దది, ఖుర్ద్ అనగా చిన్నది. కొంగరకలాన్, కొంగరఖుర్ద్ అను పేళ్లు పారసీకము రాజభాషగా నున్న కాలపు దస్తరముల గుర్తులు.

అదే నేలను గూర్చి తెలంగాణ పల్లెలలో మరియొక భాషయు గలదు. ఊరి నడుమ నాటిన రాతిని బొడ్రాయి యందురు; అనగా ఊరి బొడ్డు. బొడ్రాయి పండుగకు అత్తవారిండ్ల కేగిన ఆడుబిడ్డలను పుట్టినయూరికి పిలిపించుకొందురు. కచేరీలోని పటమును ఎంత వెదకినను ఊరికి బొడ్డు కనబడదు. అంతమాత్రమున బొడ్రాయి యబద్ధమని యెవ్వరనగలరు? మనమందరము ఒక్క తల్లి కడుపున బుట్టినవారము, ఈ నేల వట్టి సొత్తు కాదు అను సంగతిని ఆ యొక్క మాట చెప్పుచున్నది. పట్టాలోని భాష ఈ సంగతిని చెప్పజాలదు. బొడ్రాయి భాష హద్దు తగవును తీర్చజాలదు. ఒక దాని పనిని మరియొక దానిచే చేయింపబూనినచో రెండును చెడును.

మతమునందలి పురాణకథ ఈ రెండవ భాషకు చెందినది. అది ఉపమానము వంటిదే గాని ఉపమానము కాదు. గాయపడి త్రోవలో పడియున్న వానిని ఆదుకొనిన మంచి సమరయుని కథ వినువారెవ్వరును ఆ పూటకూళ్లవాని పేరేమని యడుగరు. అది బోధకొరకు చెప్పిన కథయని అందరు నెరుగుదురు. పురాణకథ యట్లు ఒక బోధకుని నోట పుట్టినది కాదు. అది ఒక జనసమూహమంతటి సొత్తు. లోకమెట్లు మొదలైనది, మృత్యువెందుకు వచ్చినది, మనుష్యుడు మనుష్యునికి ఏమి కావలెను అను ప్రశ్నలకు ఆ జనులు కథారూపమున చెప్పుకొన్న యుత్తరమది. పండుగలలో పాడుదురు, ఆడుదురు, దానిలోనే జీవింతురు.

బైబిలు గ్రంథమునందును ఈ భాష గలదు. మొదటి మనుష్యుడు నేలమంటితో చేయబడెనని ఆదికాండము చెప్పుచున్నది. హెబ్రీ భాషలో ఆదాము అనగా మనుష్యుడు, అదామా అనగా నేల. పేరులోనే బంధుత్వము గలదు. అన్న చేత జంపబడిన తమ్ముని రక్తము నేలనుండి మొరపెట్టెనని తరువాతి కథ. నేలకు నోరు లేదని తెలిసియు ఆ మాట వినినవాని యొడలు జలదరించును. ఇక మొదటి యధ్యాయమున వృక్షములును జంతువులును ముందు, మనుష్యుడు చివర. రెండవ యధ్యాయమున మనుష్యుడే ముందు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచిన ప్రాచీనులు వరుస యెరుగని వారు కారు. సూర్యుడు లేని మొదటి మూడు దినములను అక్షరార్థముగా నెవరు నమ్ముదురని మూడవ శతాబ్దమునందే ఓరిగెను అను క్రైస్తవ పండితుడు ప్రశ్నించెను.

మన సమీపముననే మెదకు పట్టణమున 1924వ సంవత్సరము క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడిన గొప్ప చర్చిలో రంగుటద్దముల కిటికీలు గలవు. వానిలో నొకటి క్రీస్తు ఆరోహణమును జూపును. దాని యెదుట నిలిచినవాడు పరలోకమునకు ఎన్ని మైళ్లని లెక్కింపడు. పైకి అను మాట మహిమకు గుర్తని గ్రహించును. జర్మనీ దేశీయుడైన రుడాల్ఫు బుల్ట్‌మాను 1941లో క్రొత్త నిబంధనలోని పురాణభాషను గూర్చి ప్రసంగించి పెద్ద చర్చను రేపెను. ఆ భాషను కోసి పారవేయుడని ఆయన చెప్పలేదు. దాని యర్థమును విప్పి చెప్పుడనెను. విప్పిన పిమ్మట కథ యక్కర లేదని తలచుట మాత్రము సరికాదు. పాట భావమును వచనమున వ్రాసియిచ్చినంత మాత్రమున పాట పని తీరదు గదా.

అయితే అంతయు పురాణమే, జరిగినది ఏదియు లేదందురా యని కొందరడుగవచ్చును. అట్లు కాదు. పొంతి పిలాతు అధికారమున యేసు సిలువ వేయబడెననుట చరిత్రకు సంబంధించిన మాట. దానిని చరిత్ర విధానముననే పరీక్షింపవలెను. అట్లే పురాణము వైద్యుని పని చేయరాదు. మశూచిని మనవారు అమ్మవారు పోసినదనిరి. ఆ మాట భయపడిన తల్లికి కొంత యూరటయై యుండవచ్చును. కాని వ్యాధిని లోకమునుండి తరిమినది టీకాయే. మశూచి నిర్మూలమైనదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. టీకాను మానిపించిన కథ యెంత ప్రాచీనమైనను దానిని సమర్థింపరాదు.

ఇంతకంటె గొప్ప యపాయము మరియొకటి గలదు. పురాణకథను దస్తావేజుగా జేసి, దానితో ఒకని నణచివేయుట. ఋగ్వేదములోని పురుషసూక్తమున నాలుగు వర్ణములు ఒక్క పురుషుని శరీరమునుండి పుట్టినవని యున్నది. ఒక్క శరీరమను మాటను విడిచి, పాదములు తక్కువయను మాటను మాత్రము పట్టుకొనినవారు తరతరములుగా దానిని అధికారపత్రముగా వాడిరి. ఆ నాలుగింట పేరులేని వారిని ఊరి వెలుపల నుంచిరి. అమెరికాలో బానిసల యజమానులు హాము శాపమను పేర నోవహు కథను అట్లే వాడుకొనిరి. ఆ కథలో శపింపబడినవాడు హాము కాదు, కనాను. చర్మపు రంగు మాట యందు లేనే లేదు. ఈ దోషము ఏ యొక్క మతమునకో చెందినది కాదని ఇందువలన తెలియుచున్నది.

దానికి మందు కథలను తగులబెట్టుట కాదు. ఊరి వెలుపల నుంచబడినవారే మరియొక కథతో ఉత్తరము చెప్పిరి. డక్కలివారు మాదిగల యెదుట చెప్పు జాంబపురాణమున జాంబవముని భూమి పుట్టకమునుపే పుట్టినవాడు. చివర నిలుపబడినవారు మొదటివారి సంతతియని ఆ కథ ఘోషించును. బైండ్లవారు జమిడిక వాయించుచు పాడు ఎల్లమ్మ కథలో, పరశురాముడు తల్లిని నరికి తిరిగి బ్రతికించునప్పుడు ఆమె తలయు మాదిగ స్త్రీ తలయు మారిపోయెనని పలువిధముల చెప్పుదురు. ఎవరిని ముట్టరాదనిరో వారి రూపము ఇక్కడ దేవతయందే కలిసినది. వీనిని పుక్కిటి పురాణములని నవ్వువాడు, గౌరవముకొరకు ఒక జాతి దాచుకొన్న సాక్ష్యమును నవ్వుచున్నాడు.

కావున విద్యార్థులారా! ఒక కథ వినినప్పుడు "ఇది జరిగినదా?" యని తప్పక యడుగుడు; అది మంచి ప్రశ్న. కాని అక్కడ నాగవలదు. ఈ కథ ఏమి చెప్పుచున్నది, దీనిని నమ్మినవాడు పొరుగువానిని ఎట్లు చూడవలెను అనియు నడుగుడు. మీ యింటి కథకు ఏ మర్యాదను గోరుదురో తోడివాని యింటి కథకును ఆ మర్యాదను జూపుడు. అతని కథను ఏ ప్రశ్నలతో పరీక్షింతురో మీ కథను నవే ప్రశ్నలతో పరీక్షింపుడు. తల్లిదండ్రులారా! బిడ్డ ప్రశ్నించినప్పుడు కసరక, మీకు ఆ కథ యేమి నేర్పినదో చెప్పుడు. ఉపాధ్యాయులు చరిత్ర పాఠమును చరిత్రగాను, కథను కథగాను బోధించి, ఏ బిడ్డయు తన యింటిని దలచి సిగ్గుపడకుండ జూడవలెను.

బొడ్రాయి చుట్టు మూగువారు ఊరంతటికిని ఒక్క బొడ్డే యని పలుకుదురు. ఆ మాట నిజమైనచో వాడ యెందుకు వెలుపల నున్నది? ఈ ప్రశ్న బొడ్రాయికి అవమానము కాదు. బొడ్రాయి మాటను నిజమని నమ్మినవాడే దానిని అడుగగలడు. అట్లడుగు ధైర్యము మన పాఠశాల బిడ్డలకు గలుగుగాక.