భామాకలాపమునకు నూతన రంగమా?

వన్ టౌనులోని మా యింటికి ఇటీవల ఇద్దరు యువకులు వచ్చి, భామాకలాపమును ఉక్కునగరపు క్వార్టరులో జరుగునట్లు ఆడింపదలచితిమనియు, సత్యభామ లేఖకు బదులు సెల్ ఫోనున సందేశము పంపుననియు చెప్పి నా అభిప్రాయ మడిగిరి. పాఠశాలలో చదివినవాడను గనుక కోపింతునని శంకించినట్లున్నది. నాకు కోపము రాలేదు, సందేహము కలిగినది.

ఈ సీమలో తూర్పు భాగవతులు మద్దెల మ్రోతతో రాత్రులు జాగరణ చేయించినది ఈ కథతోనే. కూచిపూడివారికిని ఇదియే ప్రధానము. పాటయే ప్రాణముగా గల హాస్యరూపకము మనకిది. ఇందు సూత్రధారి సత్యభామకు మాధవి, కృష్ణునకు మాధవుడు. ఆతని వచనము ద్వారకలో ఏనాడును నిలువలేదు. ప్రదర్శన జరుగు ఊరి మాటలు, ఎకసక్కెములు అందు చొచ్చుచునే యున్నవి. లోకధర్మికి పెద్దలు తెరచియుంచిన ద్వార మదియే. రాయబారమునకు పోవుటకై మాధవి ముక్కుపుడక యడుగు ఘట్టమును నేటి ఏ కచేరీలో పెట్టినను ఎవరును వ్యాఖ్యానము కోరరు!

చిక్కు మరియొకచోట నున్నది. మగని పేరేమని మాధవి యడుగగా సత్యభామ సిగ్గుచే పలుకలేకపోవుట అందలి పరమహాస్యము. భర్త పేరు ఉచ్చరింపరాదను ఆచారము దానికి మూలము. నేటి క్వార్టరులో ఇల్లాలు మగనిని పేరు పెట్టియే పిలుచును. అచట సిగ్గేది? లేఖయు నట్లే. లేఖ పోయి ప్రత్యుత్తరము వచ్చులోపలి యెడమే విప్రలంభము. ఫోనులో ఆ యెడము క్షణమున తీరినచో విరహోత్కంఠితకు ఉత్కంఠయే మిగులదు. శృంగారము నుండి హాస్యము పుట్టునని భరతుడు చెప్పెను గదా. తల్లిని తొలగించి బిడ్డను వెదకుట యెట్లు?

దీనికి వారిలో నొకడు, సందేశము చదివినట్లు గుర్తు కనబడియు బదులు రాకుండుట లేఖను మించిన విరహమనెను. ఆ మాట నాకు నచ్చినది. నే నెరుగని విషయము. పేరు ఘట్టమునకును అట్టి ప్రతినిధి దొరకినచో ఆడవచ్చును. దొరకనిచో ప్రేక్షకుడు దర్శకుని చూచి నవ్వును.

దరువులను మాత్రము ముట్టరాదు. వియన్నాలో 1786లో తొలిసారి ఆడిన మోజార్టు గేయనాటకము 'ఫిగారో వివాహము'ను పీటర్ సెల్లర్స్ అను అమెరికా దర్శకుడు 1988లో న్యూయార్కు ఆకాశసౌధములోనికి మార్చినను, గాయకులు పాడినది ఆ ఇటాలియన్ పాటనే. మనవారు ప్రవేశదరువును సినిమా వాద్యములకు అప్పగించినచో మారునది రంగము కాదు, రూపకము.

తెరమీదుగా జడ వేసి సవాలు చేయు సంప్రదాయమును వారు తలపనే లేదు. జుట్టు కత్తిరించుకొనిన భామ ఏమి వేయునని అడిగి, సమాధానముతో మరల రమ్మంటిని.