పైనాపిల్ హ్యామా, పితికిపప్పా?

డిసెంబరు నెలాఖరు విందుకు ఈసారి పైనాపిల్ పూసి కాల్చిన హ్యామ్ తెప్పిద్దామని మన గ్రూపులో కొందరు రాశారు. పంది మాంసమా అని కొందరు ముక్కు మూసుకున్నారు. నా మాట ఇద్దరికీ కొంచెం చేదుగానే ఉంటుంది.

ముందు ముక్కు మూసుకున్నవాళ్లకు. నేను తమిళ మీడియంలో చదివి, రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. జోలార్‌పేట, పెరంబూరు లాంటి రైల్వే ఊళ్లలో ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో క్రిస్మస్ అంటే కేకు, రోస్టు, హ్యామ్. ఉగాది మరునాడు మనకు హొసతొడకు ఎట్లనో వాళ్లకు అది అట్ల. మన పల్లెల్లో నెలనెలా చీటీ కట్టి, పొట్టేలు కొని, మాంసం కుప్పలు పోసి పంచుకోరా? ఒకరి పండగ కూటిని ఇంకొకరు ఎగతాళి చేయకూడదు.

ఇక తెప్పిద్దామన్నవాళ్లకు. హ్యామ్ అంటే పంది తొడను ఉప్పులో ఊరబెట్టి నిలవ చేసింది. దాని మీద పైనాపిల్ రసం, చక్కెర పూసి కాలుస్తారు. పండు ఉంది కాబట్టి ఆరోగ్యం అనుకోవద్దు. పేరు పండుది, పని చక్కెరది. 100 గ్రాముల్లో సుమారు 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, నిజమే. ఉప్పు కూడా 2 నుంచి 3 గ్రాములు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పేది 5 గ్రాముల లోపే. అరవై దాటిన మనలో బీపీ మాత్ర మింగేవాళ్లు ఎందరో లెక్క వేసుకోండి.

2015లో ఆ సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం నిలవ మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ తినే ప్రతి 50 గ్రాములకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. 'రోజూ' అన్న మాట గమనించండి. ఏడాదికొక ముక్కకు భయపడే పని లేదు. నా భయమంతా మనవళ్ల టిఫిన్ డబ్బాల్లోకి వారం వారం వస్తున్న సాసేజి, సలామీ గురించే.

మన మటన్‌లో కొవ్వు లేదని నేను అనను. కానీ మన కుండలో ఉప్పు మన చేతిలో ఉంటుంది. డిసెంబరంటే చింతామణి, బాగేపల్లి సంతల్లో అనపకాయల కాలం. పితికిపప్పు ఎక్కువ, మటన్ తక్కువ వేసి పులుసు చేసి, రాగిముద్దతో పెడితే ప్రొటీన్, పీచు రెండూ వస్తాయి.

కాబట్టి నా సలహా ఇది. పెద్ద కుండ పితికిపప్పుది, శాకాహారులకు మాంసం లేని కుండ వేరే. హ్యామ్ కావాలన్నవాళ్లకు పక్కన వేరే టేబుల్ మీద, పేరు రాసిపెట్టి, ఒక్క ప్లేటు. మీ అభిప్రాయం కింద రాయండి.