పక్షవాతం: గడియారానికి తోడు రక్తప్రసరణ లెక్క

- నిద్రలో పోటు వచ్చిన వారిలో కొందరికి కొత్త ఆశ
- మొదటి గంటలే ఇప్పటికీ ప్రాణాధారం

అజీజ్‌నగర్ (మొయినాబాద్): రాత్రి నిక్షేపంగా పడుకున్న మనిషి తెల్లవారేసరికి మాట పడిపోయి, ఒక పక్క కాలూ చెయ్యీ కదపలేని స్థితిలో కనిపిస్తే, పోటు ఎప్పుడు వచ్చిందో ఇంట్లో వారు చెప్పలేరు. పక్షవాతం చికిత్సలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. బీజాపూర్ రహదారి వెంట అజీజ్‌నగర్ మొదలుకొని చేవెళ్ల వరకు ఉన్న పల్లెలకు ఈ చిక్కు మరింత భారమవుతోంది. పసరు మందు కోసం తిరగడంలో కొంత కాలం, నగరానికి చేరే దారిలో మరికొంత కాలం కరిగిపోతాయి.

కాలపరిమితి కథ

రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మూడు గంటల్లోపు ఇస్తే మేలు చేస్తుందని 1995లో అమెరికా పరిశోధకులు నిరూపించారు. 2008లో ఐరోపా పరిశోధన ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. అది దాటి వచ్చిన వారికి చాలాకాలం పాటు చేయగలిగింది స్వల్పమే. 2018లో వెలువడిన రెండు పరిశోధనలు ఈ పరిస్థితిని మార్చాయి.

స్కానింగ్ ఏం చెబుతుంది?

ఆరోగ్యవంతుని మెదడులో ప్రతి 100 గ్రాముల కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20కి తగ్గితే కణాలు పని మానేస్తాయి గానీ వెంటనే చావవు. 10కి పడిపోతే నిమిషాల్లోనే నశిస్తాయి. నశించిన భాగం చుట్టూ ఇలా కొనఊపిరితో ఉన్న భాగమే వైద్యులు కాపాడగలిగేది. సాధారణ సీటీ స్కాన్ రక్తస్రావం ఉన్నదీ లేనిదీ తేలుస్తుంది. పెర్‌ఫ్యూజన్ స్కాన్‌లో నరం ద్వారా అయోడిన్ మందు ఎక్కించి, అది మెదడులోకి చేరి వెళ్లిపోయే తీరును సుమారు నిమిషం పాటు వరుసగా చిత్రిస్తారు. ఏ భాగం పోయిందో, ఏది మిగిలిందో అప్పుడు అంచనాకు వస్తుంది.

డిఫ్యూజ్-3 పరిశోధనలో ఈ విధంగా ఎంపిక చేసిన రోగులకు 6 నుంచి 16 గంటల మధ్య గొట్టం ద్వారా గడ్డను తొలగించారు. మూడు నెలల తర్వాత వారిలో 45 శాతం మంది తమ పనులు తాము చేసుకోగలిగారు. మందులకే పరిమితమైన వారిలో ఇది 17 శాతమే. డాన్ పరిశోధన ఆ అవకాశాన్ని 24 గంటల వరకు చూపింది.

ఆలస్యానికి అనుమతి కాదు

అయితే ఈ అవకాశం అందరికీ లేదు. పెద్ద రక్తనాళం మూసుకుపోయి, కాపాడదగిన భాగం ఇంకా మిగిలి ఉన్న వారికే వర్తిస్తుంది. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో లెక్కగట్టారు. కాబట్టి తొలి గంటల్లో వచ్చిన వారికి ఈ స్కాన్ కోసం ఇంజెక్షన్ ఆపరాదు.

స్కాన్ ఒకచోట, గడ్డ తీసే నిపుణులు మరోచోట ఉంటే పల్లె రోగికి ఒరిగేదేమీ లేదు. ఏ ఆసుపత్రిలో ఈ రెండూ రాత్రింబవళ్లు అందుబాటులో ఉన్నాయో 108 సిబ్బందికీ, మండల వైద్యులకూ ముందే తెలిసి ఉండాలి. కుటుంబ సభ్యులు చేయవలసింది కూడా ఒకటుంది. రోగి చివరిసారి బాగుండగా ఎప్పుడు చూశారో గుర్తుంచుకొని వైద్యునికి చెప్పాలి. మూతి వంకర పోయినా, చెయ్యి వాలినా, మాట తడబడినా పసరు వైద్యుని వద్దకు కాక నేరుగా ఆసుపత్రికే చేరాలి. యంత్రం ఎంత గొప్పదైనా, మిగిలి ఉన్న మెదడునే చూపగలదు.